చిలకలు పంచారా?

మొన్న శనివారం పాయకాపురంలో మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాళ్ల పాపకి తొమ్మిది నెలలు నిండాయి. నేను వెళ్లిన కాసేపటికి ఆ వీధి ఆశా వర్కర్ వచ్చింది. భుజాన సంచీ, చేతిలో ఫోను. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని మా మరదల్ని వరసగా అడుగుతోంది. ఏం తినిపిస్తున్నారు, రోజుకి ఎన్నిసార్లు, తొమ్మిదో నెల టీకా అయిందా, పట్టుకోకుండా కూర్చుంటోందా. ఇప్పుడు బిడ్డకి మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలప్పుడు ఇలా ఇంటికొచ్చి చూసి వెళ్లడం వాళ్ల పనుల్లో ఒకటి. ఆసుపత్రిలో కాన్పయిన కొత్తలో అయితే 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి.

"వెనక నుంచి పిలిస్తే తిరుగుతోందా?" అంది.

మరదలు నోరు తెరిచేలోపే తమ్ముడు లేచి వంటింట్లోకి వెళ్లాడు. స్టీలు గ్లాసు, చెంచా పట్టుకొచ్చి, పాపకి కనపడకుండా వెనక నిలబడి, కుడివైపు ఒక్కసారి మోగించాడు. పాప తిరిగింది. ఎడమవైపుకి వెళ్లి మోగించాడు. మళ్లీ తిరిగింది. ఇంకోసారి. పాప ఇదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వడం మొదలుపెట్టింది. అయినా ఆపడే! నాలుగోసారి మా మరదలు చేతిలోంచి చెంచా లాక్కుంది.

ఆశా అమ్మాయి నవ్వి, "ఎవరు నేర్పారు సార్ ఇది మీకు?" అంది. తమ్ముడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ గ్లాసు సంగతి చెప్పాలంటే చాలా మెట్లు ఎక్కాలి మరి.

1990ల్లో మేం చిట్టినగర్ వైపు కొండ మీద ఉండేవాళ్లం. బెజవాడలో కొండ అనగానే బయటి ఊళ్లవాళ్లకి దుర్గమ్మ గుడి గుర్తొస్తుంది. మాకు మాత్రం కొండ అంటే ఇల్లు. చిట్టినగర్, వించిపేట, కొత్తపేట, మొగల్రాజపురం, గుణదల, ఎక్కడ రాయి కనిపిస్తే అక్కడ దాన్ని పట్టుకుని ఇళ్లు పైకి పాకేవి. కింద అద్దె కట్టలేనివాళ్లు పైకి, ఇంకా కట్టలేనివాళ్లు ఇంకా పైకి. మా నాన్న కాళేశ్వరరావు మార్కెట్లో ముఠా పని చేసేవాడు. పొద్దంతా బస్తాలు మోసి, రాత్రి తనని తాను మోసుకుంటూ పైకొచ్చేవాడు. అమ్మ ఇంట్లోనే పూలు కట్టేది.

రోడ్డు నుంచి మా గుమ్మానికి 112 మెట్లు. ఎవరింటి ముందు మెట్లు వాళ్లు కట్టుకున్నవే కాబట్టి ఏ రెండూ ఒక ఎత్తు ఉండవు. నలభై ఏడో మెట్టు మీద కుక్క పాదం ముద్ర ఉండేది, సిమెంటు ఆరకముందు ఎప్పుడో తొక్కినట్టుంది. కుళాయి కింద రోడ్డు మీద. తెల్లవారుజామున నీళ్లు వదిలితే ముందు చూసినవాళ్లు "నీళ్లొచ్చాయ్!" అని కేక పెట్టేవాళ్లు. ఆ కేక మెట్టు మెట్టుకీ అందుకుంటూ కొండ చివరి దాకా పోయేది. దాని వెనకే బిందెల చప్పుడు. ఆ కేకకి లేవని ప్రాణి మా కొండ మీద లేదు, ఒక్కడు తప్ప.

ఆ ఒక్కడే మా తమ్ముడు. 1994 సంక్రాంతి ముందు పుట్టాడు. నాకప్పుడు ఏడేళ్లు. తెల్లవారుజామున ఆ గోలలో కూడా హాయిగా నిద్రపోయేవాడు. "బంగారు కొండ, ఎంత బుద్ధిమంతుడో, అస్సలు సతాయించడు" అని మా మామ్మ దిష్టి తీసేది.

సగం దారిలో, ఆ కుక్క పాదం మెట్టుకి పైన, అంగన్‌వాడీ సెంటరు ఉండేది. కొంతమంది పెద్దవాళ్లు దాన్ని ఇంకా బాల్వాడీ అనే అనేవాళ్లు. ఒక్క గది, పైన రేకులు. గోడకి పళ్ల బొమ్మల చార్టు, అందులో ఆపిల్ పండుని మేమంతా జామకాయ అనే చెప్పేవాళ్లం, టీచరమ్మ కూడా దిద్దేది కాదు. దూలానికి కొక్కెం, కొక్కేనికి గుండ్రటి తూకం, దాని కింద లాగులాంటి గుడ్డ. నెలకోసారి పిల్లల కాళ్లు ఆ గుడ్డలో దూర్చి వేలాడదీసేది. సంతలో కోడిపిల్లల్ని తూచినట్టే ఉండేది ఆ గోల.

తూకం అంటే మొదట్లో తల్లులు ఒప్పుకునేవాళ్లు కాదట. బిడ్డని తూస్తే దిష్టి తగులుతుంది, చిక్కిపోతుంది. టీచరమ్మ వాదించలేదు. కాటుక డబ్బా తెచ్చి తూకానికే ఒక పెద్ద దిష్టి చుక్క పెట్టేసింది. "ఇంక తగిలితే దీనికే తగులుద్ది, ఎక్కించండమ్మా" అంది. ఆ చుక్క చెరిగినప్పుడల్లా మళ్లీ పెట్టేది. నేను చూసిన ఆరోగ్య ప్రచారాలన్నిట్లోకీ అదే గొప్పదని నా నమ్మకం.

ఆవిడ పదో తరగతి చదివింది. మా ఇంటికి నాలుగిళ్ల కిందే ఉండేది. అంగన్‌వాడీ కార్యకర్తని ఆ వాడలోంచే తీసుకోవాలన్నది మొదట్నుంచీ ఉన్న పద్ధతి. అది పెట్టినవాళ్లెవరో గానీ బుర్ర ఉన్నవాళ్లు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఏ కోడలు నెల తప్పిందో, ఎవరు మొగుడి చేతిలో తన్నులు తిని పుట్టింటికి పోయిందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. మెట్లన్నీ ఆవిడ గుమ్మం ముందు నుంచే కదా. అట్లాగని దేవత ఏమీ కాదు. నోరు పెద్దది. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టి ముందు తనే గుర్రు పెట్టేది. సెంటరుకి వచ్చే పసుపుపచ్చ పిండి కొంచెం అటూ ఇటూ అవుతుందని కొండ మీద ఒక మాట ఉండేది. నిజమేనేమో కూడా. ఆ పిండి ఉడికించి బెల్లం కలిపి ముద్దలు చేసేది ఆయమ్మ. నేను బడికి పోయే వయసొచ్చాక కూడా తమ్ముణ్ణి చంకనేసుకుని వెళ్లి వాడి పేరు మీద నేను తినేదాన్ని.

బుధవారం, శనివారం నర్సమ్మ టీకాలకి వచ్చేది. మా కొండకి నెలలో ఒక బుధవారం. భుజాన డబ్బా, దాంట్లో ఐసు. టీకా మందుని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, డబ్బాలో ఐసుంది. పుల్లైసు అనుకుని మేం ఆవిడ వెంట పరిగెత్తేవాళ్లం, డబ్బా తెరవగానే అంతే వేగంగా వెనక్కి పరిగెత్తేవాళ్లం. మే నెల బెజవాడ ఎండలో, రాళ్లు పెనంలా కాలుతుంటే, ఆవిడ ఆ డబ్బా మోసుకుంటూ ఎక్కుతుండేది. కుక్క మెట్టు దగ్గర ఆగి చెంగుతో మొహం తుడుచుకునేది. మజ్జిగ ఇస్తే తాగేది గానీ కూర్చునేది కాదు. కూర్చుంటే ఐసు కరుగుతుందిగా.

ఇక అసలు సంగతి. మన ఇళ్లలో పిల్లలకి చేసే ముచ్చట్లు మీకు తెలుసుగా. నవ్వితే నువ్వుండలు. బోర్లా పడితే బొబ్బట్లు. పాకితే పాలకాయలు. అడుగులేస్తే అరిసెలు. పలుకులొస్తే పంచదార చిలకలు. ఇంటికో వరస ఉంటుందనుకోండి. మా కొండ మీద ఇవన్నీ చేసే స్తోమత ఎవరికీ లేదు. బొబ్బట్లకి బదులు మరమరాలు, బెల్లం ముక్క పంచినవాళ్లు ఉన్నారు. అరిసెల బదులు కొట్టు బిస్కట్లు. అయినా ఏదో ఒకటి పంచకుండా ఎవరూ ఉండేవాళ్లు కాదు.

టీచరమ్మ ఎక్కడ ఏ చంటిబిడ్డ కనిపించినా తల్లిని అడిగే ప్రశ్న ఒకటే. "ఏమ్మా, బొబ్బట్లు పంచారా?" "మీవాడికి అరిసెలయ్యాయా?"

అందరూ ఆవిడకి తిండి యావ అనుకునేవాళ్లు. మా మామ్మయితే పైకే అనేది. కానీ ఆవిడ దగ్గర మూడు పుస్తకాలుండేవి. రెండు గవర్నమెంటు రిజిస్టర్లు, సూపర్‌వైజర్ చూసేవి. మూడోది పాత క్యాలెండరు కాగితం అట్ట వేసిన నోట్సు. దాంట్లో కొండ మీద పిల్లలందరి పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా గళ్లు, గళ్ల పైన నువ్వు, బొబ్బ, పాల, అరి, చిల అని పొడి అక్షరాలు. పంచిన తేదీ గడిలో రాసేది. నాలుగు నుంచి ఆరు నెలల్లో బోర్లా పడాలి, ఏడాది దాటాక పదిహేను, పద్దెనిమిది నెలల లోపు నడవాలి, ఏడాదికల్లా ఒకటో రెండో మాటలు రావాలి, రెండేళ్లకి రెండు మాటలు కలపాలి. అదంతా ఆవిడ ట్రైనింగులో నేర్చుకున్నదే. కానీ "మీవాడికి ఎదుగుదల సరిగ్గా ఉందా" అని అడిగితే ఏ తల్లైనా ఏం చెప్తుంది? కళ్లెర్రజేస్తుంది. బొబ్బట్లు పంచారా అంటే నవ్వుతూ చెప్తుంది, లేదంటే సిగ్గుపడుతూ చెప్తుంది. రెండిట్లో ఏదైనా ఆవిడకి కావాల్సిన జవాబు దొరికినట్టే.

మా తమ్ముడు అన్నీ వేళకే చేశాడు. నవ్వాడు, బోర్లా పడ్డాడు, పదమూడో నెలలో నడిచాడు. మెట్లు ఉన్న ఇంట్లో పిల్లాడు నడవడం అంటే ఏంటో కింద ఉండేవాళ్లకి తెలీదు. నడుముకి చీర చెంగు కట్టి, రెండో కొస మంచం కోడుకి ముడేసేవాళ్లం.

చిలకల గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

ఏడాదిన్నర వచ్చింది. ఊఁ, ఆఁ తప్ప ఏమీ లేదు. మామ్మ వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాసింది. "మీ తాతకి మూడేళ్లకి వచ్చాయి మాటలు, తర్వాత ఆయన నోరు మూయించలేక చచ్చాం" అంది. వన్‌టౌన్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన నోట్లో లైటు వేసి చూసి, "మగపిల్లాడు కదా, లేటవుతుంది, అవే వస్తాయి" అని బలానికి టానిక్ రాశారు. ఆ టానిక్ సీసా ఖరీదు నాన్న రెండ్రోజుల కూలి. చెవి సంగతి ఆయన అడగలేదు, అమ్మ చెప్పలేదు. వాడికి చెవి కారుతూ ఉండేది. జలుబు చేసినప్పుడల్లా కారుతుంది, పిల్లలన్నాక చెవి కారదా అనుకునేవాళ్లం. మా వరసలో సగంమంది పిల్లల చెవుల్లో దూది ఉండేది మరి. మామ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా రెండు చుక్కలు పోసేది.

1995లో, శ్రావణమాసం రోజుల్లో అనుకుంటా, అమ్మకి పూల పని ఎక్కువై నేను వాణ్ణి సెంటరుకి తీసుకెళ్లాను. టీచరమ్మ నన్ను అడిగింది, "ఏమే, మీ వాడికి చిలకలు ఎప్పుడు పంచుతారు?" నేను, "వాడు బుద్ధిమంతుడు టీచర్, నీళ్లొచ్చాయని అరిచినా లేవడు" అని గొప్పగా చెప్పాను.

ఆవిడ చేతిలో బియ్యం చేట ఉంది. దాన్ని కింద పెట్టింది. ఆయమ్మని స్టీలు గ్లాసు, చెంచా అడిగింది. వాడు నేల మీద కూర్చుని చింతగింజలతో ఆడుకుంటున్నాడు. ఆవిడ చెప్పులు విప్పేసి, మెల్లిగా వాడి వెనక్కి వెళ్లి, కుడిచెవి దగ్గర మోగించింది. గదిలో పిల్లలంతా ఒక్కసారి అటు తిరిగారు. వాడు తిరగలేదు. ఎడమచెవి దగ్గర ఇంకా గట్టిగా మోగించింది. వాడు ఒక చింతగింజ తీసి ఇంకోదాని మీద పెట్టాడు.

ఆవిడ వాడి ముందుకొచ్చి కూర్చుని, చెవి దగ్గర వాసన చూసింది. నిజంగా ముక్కు పెట్టి వాసన చూసింది. "పద, మీ అమ్మ దగ్గరికి" అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన గొడవ నాకు మాటలతో సహా గుర్తుంది. మామ్మ, "నా మనవడు చెవిటివాడంటావా, నీ నోరు పడిపోనూ" అంది. టీచరమ్మ కూడా తక్కువ తినలేదు. కానీ నాన్న ఇంటికొచ్చేదాకా కదలకుండా గుమ్మంలోనే కూర్చుంది. నాన్న వచ్చాక గ్లాసు తెప్పించి ఆయన చేతికిచ్చింది. "నేను చెప్పను. మీరే మోగించండి" అంది. నాన్న మోగించాడు. మూడుసార్లు. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, నీళ్లు తాగాలని తీసుకున్నవాడిలా దాని వైపే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పెద్దాసుపత్రికి ఆవిడే వెంటబెట్టుకుని వెళ్లింది. చీటీ ఎక్కడ రాయించాలి, చెవి ముక్కు గొంతు డాక్టరు ఏ రోజు చూస్తారు, ఏ వరసలో నిలబడితే మధ్యాహ్నం లోపు పని అవుతుంది, ఇవన్నీ ఆవిడకి తెలుసు. నాన్నకి మార్కెట్ నుంచి ఇంటికి తప్ప ఈ ఊళ్లో ఇంకో దారి తెలీదు. అక్కడ తేలిందేంటంటే, రెండు చెవుల్లోనూ చీము, ఎడమచెవిలో కర్ణభేరికి చిల్లు. పుట్టుచెవుడు కాదు. చీము ఆరితే చాలావరకు వినపడుతుంది, అప్పుడు మాటలూ వస్తాయి అన్నారు. నూనె కాదు కదా, స్నానం చేయించేటప్పుడు నీటి చుక్క కూడా చెవిలోకి పోకూడదన్నారు.

మందులతో పాటు వత్తి పని ఒకటి. శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డని సన్నగా పురి తిప్పి, చెవిలో పెట్టి, అది తడిసేదాకా ఉంచి తీసేసి, కొత్తది పెట్టాలి. తడి అంటనిదాకా అలాగే. రోజుకి కనీసం మూడుసార్లు. టీచరమ్మ వారం రోజులు పొద్దునా సాయంత్రం వచ్చి చేసి చూపించింది. ఆ తర్వాత ఆ పని ఎవరు అందుకున్నారనుకున్నారు? మామ్మ. దీపానికి వత్తులు చేసిన చెయ్యి కదా, అంత సన్నగా, అంత నున్నగా ఇంకెవరికీ కుదిరేది కాదు. తన పాత తెల్లచీర ఉతికి, ఉడకబెట్టి, ఆరేసి, దాచుకుని మరీ చేసేది. వాడు గింజుకుంటే కాళ్ల మధ్య ఇరికించుకుని, టీచరమ్మని తిట్టుకుంటూ పెట్టేది. ఆర్నెల్లు ఒక్క పూట తప్పలేదు.

నా పని వేరే. "నువ్వే వాడికి బడి" అంది టీచరమ్మ నాతో. వాడు కోల్పోయిన ఏడాదిన్నర మాటలు మళ్లీ పొయ్యాలట. ఎదురుగా కూర్చోవాలి, వాడు నా మొహం చూసేదాకా ఆగాలి, వస్తువు చేతికిచ్చి పేరు చెప్పాలి, వాడు ఏదో ఒక చప్పుడు చేసేదాకా కాచుకోవాలి. "నువ్వే వాగుతూ కూర్చోకు. వాడి వంతు వాడికివ్వు" అని పదిసార్లు చెప్పింది. నేను వసపిట్టని, ఆవిడకి తెలుసు. ఇప్పుడు మెదడు ఎదుగుదల గురించి, మొదటి 1000 రోజుల గురించి పోస్టర్లు చూస్తుంటాను. ఆవిడ నాకు పోస్టరు చూపించలేదు. నలభై ఏడో మెట్టు దగ్గర నిలబెట్టి కుక్క పాదం చూపించింది. "సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు కుక్క నడిచినా ముద్ర పడింది. ఇప్పుడు నువ్వు గెంతు, చూద్దాం, పడుద్దేమో." నేను నిజంగానే గెంతాను. కాలు నొప్పి పుట్టింది.

అప్పట్నుంచి వాణ్ణి ఎత్తుకుని దిగినప్పుడల్లా మెట్టుకో అంకె. పైకెక్కేటప్పుడు మెట్టుకో పేరు. బిందె, పిల్లి, రాయి, మందారం. 112 మెట్లకి సరిపడా మాటలు వెతుక్కోవడం ఎంత కష్టమో మీరూ ఒకసారి చేసి చూడండి. అరవై దాటాక కొండ మీదవాళ్ల తిట్లు కూడా వాడాల్సొచ్చేది.

ఆ డిసెంబరు 9న, శనివారం, పల్స్ పోలియో మొదటి విడత. దేశమంతా ఒకే రోజు చుక్కలు వేయడం అదే మొదలు. ఆ మొదటి ఏడాది మూడేళ్లలోపు పిల్లలకే. కింద రోడ్డు మీద టేబులు, గుడ్డ బ్యానరు, రిక్షాలో మైకు. టీచరమ్మ, ఆయమ్మ ముందురోజు ఇంటింటికీ తిరిగి చెప్పారు. అయినా పై వరసల వాళ్లు కొందరు దిగలేదు. వేయాల్సిన చుక్కలన్నీ నర్సమ్మ వేశాక మళ్లీ ఇవేం చుక్కలు అని అనుమానం. టీచరమ్మ మధ్యాహ్నం దాకా చూసి, తనే ఎక్కి, ఇద్దరేసి పిల్లల్ని చెరో చంకలో వేసుకుని దిగింది. తల్లులు వెనకాల అరుచుకుంటూ వచ్చారు. ఎలాగైతేనేం, అందరూ వచ్చారు. 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసు మన దేశంలో ఆఖరిదని, 2014 మార్చిలో పోలియో పోయిందని ప్రకటించినప్పుడు, టీవీ ముందు నాకు కనిపించింది ఆ చంకల్లో పిల్లలే. తమ్ముడు ఆ రోజు నాన్న భుజం మీద ఉన్నాడు. రిక్షా దగ్గరికి రాగానే మైకు వైపు తల తిప్పి చూశాడు. నాన్న ఎవరితోనూ ఏమీ అనలేదు. వాణ్ణి ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మార్చుకుని, రిక్షా వెనక కొంతదూరం నడిచాడు.

డబ్బు సంగతి చెప్పకపోతే అన్యాయం. ఈ అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న, దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. యాభై ఏళ్లయింది. వాళ్లకిచ్చేదాన్ని ఈ రోజుకీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. మాటలో గౌరవం ఉంది, సరే. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. కార్యకర్తకి అప్పటికి 11,500, ఆయాకి 7,000. జనవరిలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు, అయినా కదల్లేదు, 42 రోజులు సాగింది. ఆ రోజుల్లో అలంకార్ సెంటర్ ధర్నా చౌక్ మీదుగా వెళ్తూ ఆటో ఆపించాను. టెంటులో వెనకవైపు ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ. రిటైరై ఎన్నేళ్లో అయింది, అయినా వచ్చి కూర్చుంది. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. తమ్ముడి పేరు చెప్పగానే మాత్రం వెంటనే అడిగింది.

"ఏ చెవితో ఫోను మాట్లాడతాడు?"

"కుడిచెవితోనే టీచర్."

"ఎడమది ఇంకా మందంగానే ఉందన్నమాట" అని తల పంకించింది.

అవును, మందమే. పెద్దయ్యాక ఆపరేషన్ చేయించినా ఆ చెవి పూర్తిగా రాలేదు. ఆటోనగర్‌లో లారీల పని వాడిది, ఆ సుత్తి మోతలో ఒక చెవి తక్కువైనా నష్టం లేదంటాడు. పెళ్లిలో పీటల మీద కూడా మరదలు వాడి ఎడమవైపు కూర్చుని ఏదో గుసగుసలాడితే, వాడు తల పూర్తిగా తిప్పి, "ఆఁ?" అన్నాడు. పెళ్లంతా విన్నది.

మొదటి మాట ఎప్పుడొచ్చిందో చెప్పలేదు కదూ. 1996 ఎండాకాలం. కుళాయిలో నీళ్లు సన్నగా, ఏ వేళకి వదిలితే ఆ వేళకి వచ్చే రోజులు. ఇంకా చీకటిగానే ఉంది. కింద నుంచి కేక లేచింది. మెట్టు మెట్టుకీ అందుకుంటూ పైకి వస్తోంది. అమ్మ బిందె తీసుకుని గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి చాప మీద ఏదో కదిలిన చప్పుడు. వాడు లేచి కూర్చున్నాడు. కళ్లు సగం మూసుకునే ఉన్నాయి. గుమ్మం వైపు వేలు చూపించి, "నీల్లు" అన్నాడు.

అమ్మ చేతిలో బిందె జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. ఎంత దూరం పోయిందో, ఆ మోత అంతసేపు వినపడింది. వాడు ఆ మోత విని ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. మామ్మ వాడికంటే గట్టిగా ఏడ్చింది. ఆ రోజు మా ఇంట్లోకి నీళ్లు రాలేదు. పక్కింటివాళ్లు చెరో బిందె పోశారు.

నాన్న ఆ సాయంత్రం వన్‌టౌన్ నుంచి పంచదార చిలకలు తెచ్చాడు, తెల్లవి, గులాబీరంగువి. అన్ని ముచ్చట్లకీ మరమరాలతో సరిపెట్టిన మనిషి ఈసారి కొండంతా పంచేంత తెచ్చాడు, అప్పు చేశాడో ఏమో. ఒక్కో గుమ్మంలో తమ్ముడి చేతనే ఇప్పించాం. వాడు ఇవ్వడం, వెంటనే తిరిగి లాక్కోబోవడం.

సెంటరు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. టీచరమ్మ ఒక చిలక తీసుకుని, తోక కొరికి, మిగతాది వాడి నోట్లోనే పెట్టింది. లోపలికి వెళ్లి క్యాలెండరు అట్ట నోట్సు తెచ్చి, లాంతరు దగ్గర పెట్టుకుని, వాడి పేరు ఎదురుగా ఆఖరి గడిలో తేదీ రాసింది. నేను ఆవిడ భుజం మీదుగా తొంగి చూశాను. వాడి పేరుకి రెండు వరసల కింద ఇంకో పేరు ఉంది. దానికి చిలకలూ లేవు, అరిసెలూ లేవు.

"ఎవరు టీచర్ ఇది?" అన్నాను.

ఆవిడ నోట్సు మూసేసి, వేళ్లకంటిన పంచదార నాక్కుని, "పై వరసలో. పొద్దున వెళ్లాలి" అంది.